గన్నవరం నుంచి డల్లాస్ 14,500 కిలోమీటర్లు.. మరి 16 గంటల్లో ఎందుకు రాలేం?

ఈరోజు ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఫోన్ తీసి గన్నవరం ఎయిర్‌పోర్ట్ నుంచి డల్లాస్ ఎయిర్‌పోర్ట్‌కి ఎంత దూరం అని కొట్టారనుకోండి. 14,500 కిలోమీటర్లు అని వస్తుంది. విమానంలో ఎంతసేపు అని చూస్తే దాదాపు 16 గంటలు. సరే, బాగుంది. ఇప్పుడు డల్లాస్‌లో ఉన్న మన అబ్బాయో అమ్మాయో ఈ నిమిషం బయల్దేరితే 16 గంటల్లో బందరులో ఉంటారా? ఉండరు. మరి ఎన్ని గంటలు పడుతుంది? ఇంట్లో వాళ్ళకి ఏ టైమ్ చెప్పాలి? ఈ లెక్క ఒక్కసారి తెలుసుకుంటే చాలు, ఎప్పటికైనా పనికొస్తుంది. పనికొచ్చే రోజు రాకూడదనే కోరుకుందాం. కానీ తెలిసి ఉండాలి.

ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానో ముందు చెప్తాను. కొన్నేళ్ళ కిందట సంగతి. నా ఫ్రెండ్ ఒకడు, దివిసీమ వాడు, డల్లాస్‌లో ఉద్యోగం. డిసెంబర్ నెల. ఒక శనివారం తెల్లవారుజామున 5 గంటలకి వాళ్ళ నాన్నగారు పోయారు. వాడికి ఫోన్ వెళ్ళేసరికి అక్కడ ఇంకా శుక్రవారం సాయంత్రం ఐదున్నర. నేను అప్పుడు బందరులోనే ఉన్నాను, వెంటనే వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ బాబాయి నన్ను పక్కకి పిలిచి, "ఒరే అబ్బాయ్, నువ్వు కంప్యూటర్ ఉద్యోగం కదా, వాడు ఎప్పటికి వస్తాడో చూసి చెప్పరా" అన్నారు. నేను ఫోన్ తీశాను, కొట్టాను. 16 గంటలు అని వచ్చింది. అటూ ఇటూ ఇంకో పది గంటలు కలిపాను. "రేపు మధ్యాహ్నానికి వచ్చేస్తాడు బాబాయ్" అన్నాను.

ఆయన నా మాట నమ్మారు. బీటెక్ చదివినోడు చెప్పాడు కదా! ఆదివారం మధ్యాహ్నం 3 గంటలకి అని అందరికీ ఫోన్లు చేసేశారు. హైదరాబాద్ నుంచి, చెన్నై నుంచి చుట్టాలు బయల్దేరారు. ఫ్రీజర్ బాక్స్ ఒక్క రోజుకే మాట్లాడారు. ఆ రాత్రి వాడు టికెట్ పంపాడు. చూస్తే గన్నవరంలో దిగేది సోమవారం ఉదయం 10 గంటలకి. అప్పటికే మాట బయటికి వెళ్ళిపోయింది. వచ్చిన వాళ్ళు వచ్చేశారు. పెద్దవాళ్ళు ఇంకో రోజు ఉంచకూడదన్నారు. చివరికి వాడే డల్లాస్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఫోన్ చేసి, "మీరు కానిచ్చేయండి బాబాయ్" అన్నాడు. ఆదివారం సాయంత్రం వాళ్ళ బాబాయి కొడుకు తలకొరివి పెట్టాడు. ఆ టైమ్‌కి వీడు విమానంలో ఉన్నాడు. వీడియో కాల్ కూడా లేదు.

సోమవారమే వస్తాడని శనివారం పొద్దున్నే నేను చెప్పి ఉంటే, అందరినీ సోమవారానికే పిలిచేవాళ్ళు. వాడు వచ్చేదాకా ఉంచేవాళ్ళు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదండీ. కానీ ఆ లెక్క చెప్పింది నేనే. అందుకే ఆ లెక్క ఎక్కడ తప్పిందో ఈరోజు మీ ముందు విప్పి చూపిస్తాను.

మొదట దూరం సంగతి చూద్దాం. గోడ మీద ఉండే ప్రపంచ పటం చూస్తే ఇండియా కుడివైపు, అమెరికా ఎడమవైపు ఉంటాయి. కాబట్టి విమానం అడ్డంగా అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుందని మనం అనుకుంటాం. కానీ భూమి గుండ్రం కదా. ఇంట్లో బత్తాయి ఉంటే తెచ్చుకోండి, ఒక దారం కూడా. ఒక వైపు నడుముకి కొంచెం పైన పెన్నుతో గన్నవరం పెట్టండి. సరిగ్గా దాని వెనక వైపు, ఇంకొంచెం పైన, డల్లాస్ పెట్టండి. ఇప్పుడు దారాన్ని రెండు చుక్కల మధ్య బిగించి లాగండి. దారం నడుము చుట్టూ వెళ్ళదు. తొడిమ వైపు నుంచి, అంటే పైనుంచి వెళ్తుంది. అదే అతి దగ్గర దారి. విమానాల భాషలో దీన్ని గ్రేట్ సర్కిల్ అంటారు.

ఇక్కడ ఒక సరదా విషయం ఉంది. గన్నవరం తూర్పు రేఖాంశం దాదాపు 81 డిగ్రీలు. డల్లాస్ పశ్చిమ రేఖాంశం 97 డిగ్రీలు. రెండూ కలపండి, 178 వస్తుంది. 180 వస్తే భూమికి సరిగ్గా అటువైపు గీత మీద ఉన్నట్టు. అంటే మన కృష్ణా జిల్లాకి వీపు వెనక గీత మీద డల్లాస్ ఉంది. అందుకే మనకి పొద్దున 8 అయితే వాళ్ళకి ముందు రోజు రాత్రి 8, 9 అవుతుంది. అందుకే అతి దగ్గర దారి కూడా ఉత్తర ధ్రువం పక్కనుంచి, దాదాపు 250 కిలోమీటర్ల దగ్గరగా వెళ్తుంది. మన డెల్టా వాళ్ళకి డల్లాస్‌కి షార్ట్‌కట్ ఉత్తర ధ్రువం మీదుగా! నేను మొదటిసారి చూసినప్పుడు నమ్మలేదు.

ధ్రువం మీదుగా పోతుంది కాబట్టి లెక్క చాలా ఈజీ. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. గన్నవరం అక్షాంశం పదహారున్నర డిగ్రీలు. ధ్రువం 90. తేడా 73.5. డల్లాస్ అక్షాంశం 32.9. ధ్రువం నుంచి అక్కడికి 57.1. రెండూ కలిపితే 130.6 డిగ్రీలు. ఒక డిగ్రీకి దాదాపు 111 కిలోమీటర్లు. గుణించండి. 14,500 వచ్చింది కదా! గూగుల్ చెప్పింది అదే. అయితే ఒక మాట, ఈ చిట్కా అన్ని ఊళ్ళకీ పనిచేయదు. న్యూజెర్సీ వైపు నెవార్క్‌కి ఇలాగే వేస్తే 13,600 పైన వస్తుంది, అసలు దూరం 13,150 చుట్టూ ఉంటుంది. ఎందుకంటే నెవార్క్ మన వీపు వెనక గీత మీద లేదు, కొంచెం పక్కకి ఉంది. అక్కడికి దారి ధ్రువం దాకా వెళ్ళక్కర్లేదు.

రెండోది వేగం. పెద్ద విమానాలు పైన గంటకి 900 కిలోమీటర్ల చుట్టూ వెళ్తాయి. 14,500ని 900తో భాగిస్తే 16 గంటలు. ఫోన్‌లో కనపడే ఆ నంబర్ ఇలాగే వస్తుంది. దూరం, వేగం, భాగహారం. అంతే. ఇందులో అబద్ధం లేదు. కానీ ఇది ఎవరూ ప్రయాణం చేయని దారి. గన్నవరం నుంచి డల్లాస్‌కి డైరెక్ట్ విమానం లేదు. హైదరాబాద్ నుంచీ లేదు. ఫోన్ ఆ మాట పెద్దక్షరాల్లో చెప్పదు, మనం చూడం. నేను చూడలేదు.

ఇక్కడ ఇంకో డౌట్ చాలామందికి వస్తుంది. "భూమి తిరుగుతోంది కదా, హెలికాప్టర్ ఎక్కి గాల్లో అలాగే ఆగితే 12 గంటల్లో డల్లాస్ కిందకి వచ్చేస్తుందిగా?" అని. రాదండీ. బందరు నుంచి విజయవాడ పోయే బస్సులో కూర్చుని చేతిలో ఉన్న లడ్డూని పైకి ఎగరేయండి. బస్సు 60లో పోతోంది కదా అని లడ్డూ వెనక సీటు వాళ్ళ మీద పడదు, మళ్ళీ మీ చేతిలోకే వస్తుంది. ఎందుకంటే లడ్డూ కూడా బస్సుతో పాటు ముందుకి పోతోంది. అలాగే గాలి కూడా భూమితో పాటు తిరుగుతోంది. ఆ గాల్లో ఉన్న విమానమూ అంతే.

కానీ గాలి వల్ల తేడా మాత్రం ఉంది, దానికి వేరే కారణం. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి వీచే బలమైన గాలులు ఉంటాయి. జెట్ స్ట్రీమ్ అంటారు. కృష్ణలో పడవ వాలుకి పోవడం వేరు, ఎదురీదడం వేరు కదా, అలాంటిదే. అమెరికా నుంచి ఇటు వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది. అటు వెళ్ళేటప్పుడు ఎదురొస్తుంది. దోహా నుంచి డల్లాస్ వెళ్ళడానికి 16 గంటల చుట్టూ పడితే, డల్లాస్ నుంచి దోహా రావడానికి పద్నాలుగున్నర చుట్టూ పడుతుంది. అదే దూరం, గంటన్నర తేడా.

సరే, మరి డైరెక్ట్ విమానం ఎందుకు లేదు? అంత దూరం ఎగరలేవా? ఎగరగలవు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్ల పైచిలుకు, 18 గంటల పైన ఆగకుండా ఎగిరే సర్వీస్ ఉంది. మన దగ్గరా జరిగింది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా రెండు మొదలుపెట్టింది. ఒకటి శాన్‌ఫ్రాన్సిస్కో, బెంగళూరు మధ్య. మొదటి విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవరే, శివాని మన్హాస్, అందరూ మహిళలే, ఉత్తర ధ్రువం మీదుగా తీసుకొచ్చారు. ఇంకోటి జనవరి 15న హైదరాబాద్ నుంచి చికాగోకి. తెలుగు రాష్ట్రాల నుంచి అమెరికాకి ఆగకుండా వెళ్ళిన మొదటి సర్వీస్ అదే. దూరం 13,300 కిలోమీటర్ల చుట్టూ. బోయింగ్ 777-200ఎల్ఆర్ విమానం. కొన్నాళ్ళు నడిచింది, తర్వాత ఆగిపోయింది.

ఎందుకు ఆగుతాయి? ముందు ఇంధనం సంగతి చూడండి. ఆ 777-200ఎల్ఆర్ ట్యాంకుల్లో మొత్తం లక్షా 81 వేల లీటర్లు పడుతుంది. పెట్రోల్ బంకుకి వచ్చే 20 వేల లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది అనుకోండి. ఎగిరేటప్పుడు ఆ బరువు అంతా మోయాలి. చివరి రెండు గంటలకి కావాల్సిన ఇంధనాన్ని మొదటి 14 గంటలూ మోసుకుపోవాలి, అలా మోయడానికి మళ్ళీ ఇంధనం ఖర్చు. ఎంత దూరం ఎక్కువైతే ఈ వడ్డీ మీద వడ్డీ అంత పెరుగుతుంది. దానికి తోడు ప్రతి సర్వీస్‌కీ ఒకే ఊరి నుంచి ఒకే ఊరికి రెండొందల మందికి పైగా ఉండాలి, అది కూడా ఏడాది పొడుగునా. గన్నవరంలో రన్‌వే 3,360 మీటర్లు ఉంది, పొడుగు తక్కువేం కాదు. కావాల్సింది రోజూ నిండే సీట్లు. దోహా, దుబాయ్ లాంటి చోట్ల వాళ్ళు ఏం చేస్తారంటే, హైదరాబాద్ వాళ్ళు, కొచ్చి వాళ్ళు, ఢాకా వాళ్ళు, ఖాట్మండు వాళ్ళు అందరినీ ఒక చోట చేర్చి, ఒకే పెద్ద విమానంలో డల్లాస్ పంపిస్తారు. పామర్రు సెంటర్లో నాలుగు వైపుల నుంచీ వచ్చిన వాళ్ళు ఒకే బస్సు ఎక్కినట్టు. సీట్లు నిండుతాయి.

ఇంకో కారణం ఆకాశంలో గేట్లు. ధ్రువం మీదుగా పోవాలంటే రష్యా మీదుగా వెళ్ళాలి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ కంపెనీల విమానాలకి రష్యా ఆకాశం మూసుకుపోయింది. 2025 ఏప్రిల్ 24 నుంచి మన ఇండియా కంపెనీల విమానాలకి పాకిస్తాన్ ఆకాశం మూసుకుపోయింది. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే మన విమానాలు చుట్టూ తిరగాల్సి వచ్చింది, కొన్ని మధ్యలో యూరప్‌లో దిగి ఇంధనం పోయించుకోవాల్సి వచ్చింది. ఇంకా చలి ఒకటి. అమెరికాలో దొరికే జెట్ ఎ ఇంధనం మైనస్ 40 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది, మన దగ్గర వాడే జెట్ ఎ-1 మైనస్ 47 దగ్గర. ధ్రువం మీద గాలి అంతకంటే చల్లగా ఉండే రోజులుంటాయి. అందుకని ట్యాంకులో ఇంధనం ఎంత చల్లబడిందో పైలట్లు చూసుకుంటూ ఉండాలి, అవసరమైతే కిందకి దిగడమో దారి మార్చడమో చేయాలి. అంటే బత్తాయి మీద దారం దారి వేరు, నిజంగా తెరిచి ఉన్న దారి వేరు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నిజంగా మనవాళ్ళు వచ్చే దారి ఒకటి తీసుకుందాం. డల్లాస్ నుంచి దోహా, దోహా నుంచి హైదరాబాద్, హైదరాబాద్ నుంచి గన్నవరం. కిలోమీటర్లు చూడండి. డల్లాస్ దోహా 12,750. దోహా హైదరాబాద్ 2,900. హైదరాబాద్ గన్నవరం 260. మొత్తం 15,900. షార్ట్‌కట్ ఎంత? 14,500. అంటే ఎక్కువైంది 1,400 కిలోమీటర్లే. వందకి పది. పెద్ద చుట్టేం కాదు!

మరి టైమ్? డల్లాస్ దోహా పద్నాలుగున్నర గంటలు. దోహాలో ఆగడం ఒక నాలుగు గంటలు. దోహా హైదరాబాద్ నాలుగు గంటలు. హైదరాబాద్‌లో దిగి, ఇమిగ్రేషన్ లైన్, బ్యాగులు, కస్టమ్స్, మళ్ళీ డొమెస్టిక్ సెక్యూరిటీ, తర్వాత విమానం దొరికేసరికి ఇంకో నాలుగు. గన్నవరానికి ఒక గంట. కలపండి. 27న్నర. ఇది ఎయిర్‌పోర్ట్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కే. డల్లాస్‌లో ఇంటి నుంచి ఎయిర్‌పోర్ట్‌కి పోవడం, మూడు గంటల ముందు ఉండడం, అదో నాలుగు. గన్నవరంలో దిగి బయటికొచ్చి బందరో, గుడివాడో, అవనిగడ్డో చేరడం, ఊరిని బట్టి గంట నుంచి రెండు గంటలపైన. రెండు వేసుకుందాం. మొత్తం 33న్నర గంటలు.

చూశారా? దూరం పది శాతం పెరిగింది. టైమ్ రెట్టింపు దాటింది. ఎందుకంటే టైమ్‌ని తినేది కిలోమీటర్లు కాదు, ఆగే చోట్లు. 260 కిలోమీటర్ల హైదరాబాద్ గన్నవరం ముక్కకి ఎదురుచూపుతో కలిపి ఐదు గంటలు. అంతే టైమ్‌లో పైన ఉన్న విమానం నాలుగున్నర వేల కిలోమీటర్లు పోతుంది. ఎంత దూరం అని కాదు, ఎన్ని చోట్ల ఆగాలి అని అడగాలి. నేను ఆ రోజు తప్పు ప్రశ్న అడిగాను.

ఇప్పుడు గడియారం లెక్క. ఇక్కడ కూడా చాలామంది తడబడతారు. టికెట్ మీద ఉండే టైమ్ ఎప్పుడూ ఆ ఊరి టైమే. ఉదాహరణకి డిసెంబర్‌లో డల్లాస్ సోమవారం రాత్రి 7కి బయల్దేరి, గన్నవరం బుధవారం ఉదయం 10కి చేరుతుంది అని టికెట్ మీద ఉందనుకోండి. వేళ్ళ మీద లెక్కేస్తే 39 గంటలు వస్తుంది. కానీ మన గడియారం వాళ్ళకంటే పదకొండున్నర గంటలు ముందు. కాబట్టి 39 లోంచి పదకొండున్నర తీసేయాలి. 27న్నర. ఇటు వచ్చేటప్పుడు తీసేయాలి, అటు వెళ్ళేటప్పుడు కలపాలి. అటు వెళ్ళేవాళ్ళు అదే రోజు దిగిపోయినట్టు టికెట్ మీద కనపడుతుంది, అది చూసి దగ్గరే అనుకోకండి. ఇంకోటి, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా వాళ్ళు గడియారం గంట ముందుకి జరుపుకుంటారు. అప్పుడు తేడా పదిన్నర గంటలు.

నా ఫ్రెండ్ లెక్క ఇప్పుడు చూడండి. శనివారం తెల్లవారుజామున 5కి ఫోన్ వెళ్ళింది. వాడికి అది శుక్రవారం సాయంత్రం. అందులో అప్పటికప్పుడు సీటు దొరకలేదు. ఆఫీసులో చెప్పాలి, పాస్‌పోర్ట్, వీసా కాగితాలు చూసుకోవాలి, టికెట్ రేటుకి కార్డులో లిమిట్ ఉండాలి. మరుసటి రోజు సాయంత్రం విమానానికి దొరికింది. ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి ఇంటి నుంచి బయల్దేరేసరికే ఇరవై ఒకటిన్నర గంటలు. అక్కడి నుంచి ముప్పై మూడున్నర. మొత్తం 55 గంటలు. సోమవారం మధ్యాహ్నం 12కి ఇంటి గుమ్మంలో ఉన్నాడు. ఫోన్ చెప్పింది 16. నేను చెప్పింది 30 చుట్టూ. నిజం 55.

కాబట్టి మీలో ఎవరికైనా ఆ రోజు వస్తే, బాబాయో మావయ్యో మిమ్మల్ని పక్కకి పిలిచి అడిగితే, ఇలా చేయండి.

టికెట్ చేతికి వచ్చేదాకా టైమ్ చెప్పొద్దు. "టికెట్ వచ్చాక చెప్తాను, కనీసం రెండు రోజులు అనుకోండి" అనండి. రెండు రోజులన్నాక ఒకటిన్నరలో వస్తే ఎవరూ బాధపడరు. ఒక రోజన్నాక రెండో రోజు వస్తే ఏమవుతుందో నేను చూశాను.

టికెట్ ఒకటే బుకింగ్‌లో గన్నవరం దాకా తీసుకోవాలి. విడివిడిగా తీసుకుంటే రేటు తగ్గొచ్చు. కానీ మొదటి విమానం లేటైతే రెండోది పోతుంది, ఆ కంపెనీకి సంబంధం ఉండదు. ఒకే బుకింగ్ అయితే తర్వాతి విమానంలో వాళ్ళే ఎక్కిస్తారు.

హైదరాబాద్ నుంచి రెండు దారులున్నాయి, రెండూ చూసుకోండి. గన్నవరం విమానం వెంటనే ఉంటే సరే. అయిదారు గంటలు ఆగాలంటే మాత్రం కారు మాట్లాడండి. పూణే నుంచి వచ్చే 65వ నంబర్ హైవే హైదరాబాద్, విజయవాడ మీదుగా తిన్నగా మన బందరు దాకా వస్తుంది. ఆరేడు గంటల ప్రయాణం. శీతాకాలం పొద్దున్నే గన్నవరంలో మంచు పడితే విమానాలు గాల్లో తిరుగుతాయి, ఒక్కోసారి వెనక్కి పోతాయి. డిసెంబర్, జనవరిలో తెల్లవారుజాము విమానం అయితే కారు సంగతి కూడా ముందే ఆలోచించండి. అయితే బండి నడిపేది వచ్చినవాడు కాకూడదు. 27 గంటలు నిద్ర లేనివాడి చేతికి స్టీరింగ్ ఇవ్వొద్దు. ఊరి నుంచి ఎవరో ఒకరు డ్రైవర్‌ని తీసుకుని ఎదురెళ్ళండి.

లగేజీ చెక్ ఇన్ చేయొద్దని చెప్పండి. ఒక్క చేతి సంచితో రమ్మనండి. బ్యాగుల బెల్ట్ దగ్గర ముప్పావు గంట మిగులుతుంది.

ఇక డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో, సిడ్నీలోనో ఉండి ఇది వింటున్న వాళ్ళకి. పాస్‌పోర్ట్ గడువు ఎప్పటిదాకా ఉందో ఈరోజే చూసుకోండి. తిరిగి వెళ్ళడానికి వీసా స్టాంప్ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే బయల్దేరే ముందు ఆ రాత్రి కూర్చుని, వెళ్ళనా వద్దా, వెళ్తే మళ్ళీ రాగలనా అని ఆలోచించాల్సి వస్తుంది. ఆ రాత్రి ఆలోచించే ఓపిక ఎవరికీ ఉండదు. అమ్మానాన్నలకి వయసైతే, ఫోన్ రాకముందే ఒకసారి ఊరికే టికెట్ యాప్‌లో మీ ఊరు, గన్నవరం కొట్టి చూడండి. ఎన్ని గంటలో, ఎన్ని చోట్ల ఆగాలో కాగితం మీద రాసి తమ్ముడికో, బాబాయికో పంపండి. వినడానికి బాగుండదు, నాకూ తెలుసు. కానీ పంపండి.

మన బందరు సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ మచిలీపట్నం వచ్చింది. ఆఫ్రికా కింద నుంచి చుట్టి, నెలల తరబడి సముద్రం మీద వచ్చారు వాళ్ళు. అంతకుముందే డచ్చి వాళ్ళు ఇక్కడ దిగారు. వాళ్ళ ఇళ్ళల్లో ఎవరైనా పోతే ఆ కబురు బందరు చేరడానికే నెలలు పట్టేది. రాగలననే ఆశ ఉండేది కాదు, ఎదురుచూసేవాళ్ళూ ఉండేవాళ్ళు కాదు. ఇప్పుడు కబురు ఒక్క సెకనులో వెళ్తుంది, మనిషి మాత్రం రెండు రోజులకి వస్తాడు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాని మనం ఇంకా సరిగ్గా అర్థం చేసుకోలేదు. ఫోన్ వెంటనే ఎత్తాడు కదా, వెంటనే వచ్చేస్తాడనిపిస్తుంది. ఆ రోజు నాకూ అలాగే అనిపించింది.

నా ఫ్రెండ్ తర్వాత ఒకసారి నాతో అన్నాడు. దోహాలో దిగి ఫోన్ ఆన్ చేయగానే వాట్సాప్‌లో ఫొటోలు వచ్చాయట. చూడలేదన్నాడు. ఇప్పటికీ చూడలేదు. వాడికి నేను ఆ 16 గంటల సంగతి చాలా రోజులు చెప్పలేదు. ఈ ఎపిసోడ్ చేసే ముందు ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నేను కూడా అదే చూశాను రా. నాకు నేనే 16 అనుకున్నాను. అందరికీ చెప్పు" అన్నాడు. అందుకే చెప్తున్నాను.

గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ఎన్ని కిలోమీటర్లు అని కాదు, ఎన్ని చోట్ల ఆగాలి అని అడగండి. ఇంట్లో వాళ్ళకి రెండు రోజులని చెప్పండి.

ఈ ఎపిసోడ్ మీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. మీ ఊరి నుంచి మీ వాళ్ళున్న ఊరికి బత్తాయి, దారం లెక్క వేసి చూడండి, ఎన్ని చోట్ల ఆగాలో కూడా రాసుకోండి. మళ్ళీ వచ్చే వారం కలుద్దాం. అప్పటిదాకా జాగ్రత్త. వీలైతే ఈరోజు ఒకసారి ఇంటికి ఫోన్ చేయండి. ఉంటానండీ, నమస్తే.